మేనమామల సంగతీ అడిగించండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,



నెలల పసివాడికి షుగర్ అంటే ఇంట్లో ఎవరూ నమ్మరు. దానికితోడు ఆగని విరేచనాలు, ఒళ్లంతా ఎగ్జిమా. పాలు పడలేదని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు. ఆసుపత్రిలో "మీది మేనరికమా?" అని అడుగుతారు. "కాదండీ" అనగానే వంశపారంపర్యం మాట ఇంటివాళ్ల మనసులోంచి చెరిగిపోతుంది. చిక్కంతా అక్కడే.

మగబిడ్డలో ఈ మూడూ కలిసి కనిపిస్తే అది ఐపెక్స్ అనే వంశపారంపర్య వ్యాధి కావచ్చు. రోగనిరోధక కణాలు సొంత అవయవాల మీద పడకుండా కళ్లెం పట్టేవి రెగ్యులేటరీ టి కణాలు. అవి పనిచేయాలంటే ఫాక్స్‌పి3 జన్యువు సరిగ్గా ఉండాలి. అది చెడితే క్లోమం, పేగులు, చర్మం సొంత సైన్యం చేతిలోనే దెబ్బతింటాయి.

ఈ జన్యువును పట్టిచ్చింది ఎలుకలు. 1949లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో కొన్ని మగ ఎలుకలు పొట్టు రాలే చర్మంతో పుట్టి, కొద్ది వారాలకే చనిపోయాయి. దశాబ్దాల తర్వాత మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వాటి ఎక్స్ క్రోమోజోమును జల్లెడ పట్టారు. అనుమానం 20 జన్యువుల మీద. దొంగ దొరికింది ఇరవయ్యోదానిలో. ఐపెక్స్ పిల్లల్లోనూ అదే లోపమని 2001లో తేలింది. షిమోన్ సకగుచితో పాటు వాళ్లిద్దరికీ 2025లో వైద్య నోబెల్ దక్కింది.

ఈ జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద. తల్లికి ఎక్స్‌లు రెండు కాబట్టి ఆమె ఆరోగ్యంగానే ఉంటుంది. కొడుక్కి ఉన్నది ఒకటే. లోపాన్ని మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ ముప్పు సగానికి సగం. దీనికి మేనరికంతో పనిలేదు. "నీ అన్నదమ్ములెవరైనా పసితనంలోనే పోయారా అమ్మా?" అని అడగాలి. అమ్మమ్మకు గుర్తుంటుంది.

మేనరికం ప్రశ్న వద్దని కాదు. ఇలాంటి లక్షణాలే తెచ్చే ఎల్‌ఆర్‌బిఎ జన్యులోపం లాంటివి తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన జన్యువు వస్తేనే బయటపడతాయి.

ఆరు నెలలలోపు షుగర్ వచ్చిన ప్రతి బిడ్డకూ జన్యు పరీక్ష చేయించాలని మధుమేహ వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. ప్రభుత్వ పిల్లల వార్డుల్లో దాన్ని తప్పనిసరి చేయండి. అరుదైన వ్యాధుల కేంద్రంగా హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి పనిచేస్తున్నాయి. అర్హులకు రూ.50 లక్షల దాకా సాయానికి జాతీయ విధానమూ ఉంది. జిల్లా ఆసుపత్రిలో తీసిన రక్తం ఆ కేంద్రానికి చేరే ఏర్పాటు చేయండి. ఐపెక్స్‌కు చేసే మూలకణ మార్పిడి అవయవాలు పాడవకముందే జరగాలి. ముందుగా, కేసు షీటులో మేనరికం పక్కనే మేనమామలకూ ఒక గడి పెట్టించండి.

ఇట్లు,
ఒక పత్రికా రచయిత