ముందు పట్టు, తర్వాతే మెరుపు

గోదావరి జిల్లాల్లో ఇల్లు బాగుచేయించాలనుకుంటే ఈమధ్య ముందుగా కన్ను పడేది స్నానాలగది మీదే. రాజమహేంద్రవరమో భీమవరమో వెళ్లి నిగనిగలాడే టైల్స్, గాజు తలుపు ఎంచుకొస్తారు. ఆ గదిని రోజూ వాడేదెవరో మాత్రం ఆలోచించరు. పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడితే ఊళ్లో మిగిలేది అమ్మానాన్నలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 60 దాటినవారు 2011 జనాభా లెక్కలనాటికే 9.8 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో, ప్రపంచమంతటా కిందపడి ఏటా చనిపోయేవారు 6,84,000 మంది. ఆ మరణాల్లో 60 దాటినవారివే ఎక్కువ. అందుకే స్నానాలగదికి పెట్టే మొదటి రూపాయి జారకుండా ఉండేందుకు పెట్టాలి. ఆ పని చాలావరకు మన చేతులతోనే అవుతుంది.

డెల్టా నేల ఈ ముప్పును పెంచుతుంది. కాస్త తవ్వితే నీళ్లు పడే చోట సెప్టిక్ ట్యాంకును ఎత్తుగా కట్టక తప్పదు. దాంతో పెరట్లో మరుగుదొడ్డికి రెండు మూడు మెట్లు వస్తాయి, పక్కన పట్టుకోడానికి మాత్రం ఏమీ ఉండదు. వానాకాలమంతా గచ్చు మీద పాచి. కోనసీమ, నరసాపురం తీరంలో ఉప్పునీటికి కుళాయిల నిండా తెల్లటి పెచ్చు. దానికి అందరూ చేసే వైద్యం యాసిడ్. అది టైల్స్ మధ్య సిమెంటును తినేస్తుంది, ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపుతుంది, బ్లీచింగ్ పౌడరు తగిలితే విషవాయువు వదులుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గుడ్డ తడిపి కుళాయికి చుట్టి ఉంచితే పెచ్చు మెత్తబడి ఊడివస్తుంది. పాచికి గట్టి చీపురు, గాలాడే వెంటిలేటర్ చాలు.

ఇక పట్టుకోడానికి స్టీలు రాడ్డు. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి, మెట్ల దగ్గర ఒకటి. టైలు మీద డ్రిల్లు జారకుండా టేపు అతికించి, డ్రిల్లులో హామర్ మోడ్ ఆపేసి టైలు బిట్టుతో మెల్లగా తొలిచి, ఇటుక తగిలాకే హామర్ వాడితే టైలు పగలదు. ప్లగ్గు, స్క్రూలు బిగించాక బరువంతా వేసి లాగి చూడాలి. రబ్బరు కప్పులతో గోడకు అతుక్కునే హ్యాండిళ్లు కొనకండి, అవసరమైన రోజునే ఊడతాయి. తువ్వాలు ఆరేసే కడ్డీ కూడా మనిషి బరువు ఆపదు. తలుపు గడియ బయటినుంచి కూడా తీయగలిగేది పెట్టాలి.

మేస్త్రీ ఉండగా మనకెందుకీ పని అంటారు. టైల్స్ మార్చడానికో, వాలు సరిచేయడానికో మేస్త్రీ కావాల్సిందే. గీజర్ వైరింగు, ఎర్తింగు, షాక్ కొట్టకుండా కరెంటు ఆపే ఆర్‌సీసీబీ జోలికి ఎలక్ట్రీషియన్ తప్ప ఎవరూ వెళ్లకూడదు. కానీ ఒక్క రాడ్డు బిగించడానికి మేస్త్రీ రాడు. వస్తానన్నా నెల గడుస్తుంది. ఇంతకన్నా బలమైన అభ్యంతరం పెద్దవాళ్లదే: "నాకింకా అంత వయసు మీదపడలేదురా!" దానికి వాదన అక్కర్లేదు. ఇంట్లో అందరూ పట్టుకునే రాడ్డయితే అది ముసలితనం గుర్తు కాదు. పైగా తడి గచ్చు వయసు చూసి జార్చదు. వచ్చే సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు, పిండివంటలకు కూర్చునే ముందు ఒక డ్రిల్లు తీసుకుని ఆ గదిలోకి వెళ్లండి.