ఎండ దెబ్బ అనేముందు నాడి పట్టి చూడండి

పోయిన ఎండాకాలం గలాలీలో ఒక విల్లా సైటులో మా స్టీల్ ఫిక్సర్ ఒకాయన మెట్ల మీద కూలబడిపోయాడు. జగిత్యాల వైపు మనిషి, వయసు నలభై దాటింది. అందరం ఒకటే మాట అన్నాం, ఎండ దెబ్బ అని. నీడకు చేర్చి ఉప్పు వేసిన నిమ్మరసం తాగించాం. గంట తర్వాత లేచి మళ్లీ పనికి పోయాడు. పంపింది నేనే, ఆ తప్పు నాదే. మర్నాడు పొద్దున్నే, ఎండ ముదరక ముందే, మళ్లీ పడ్డాడు. ఒళ్లు చల్లగా ఉంది. అనుమానం వచ్చి మణికట్టు పట్టుకుని వాచీ చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి 38.

ఎండ దెబ్బ తగిలిన మనిషికి మామూలుగా ఒళ్లు కాలిపోతుంది, నాడి పరుగెడుతుంది. ఈయనది దానికి పూర్తిగా వ్యతిరేకం. బహ్రెయిన్‌లో 2007 నుంచి వేసవిలో మధ్యాహ్నం పూట ఆరుబయట పని నిషేధం ఉంది. 2025లో దాన్ని మూడు నెలలకు పెంచారు. మంచిదే. కానీ దానివల్ల మనోళ్లలో ఒక అలవాటు కూడా వచ్చింది, ఎవడు పడినా ఎండ ఖాతాలో రాసేయడం. రోజూ పొద్దున సేఫ్టీ మీటింగులో హెల్మెట్టు, బెల్టు, నీళ్లు అని చెప్తాం. నాడి ఎలా చూడాలో మాత్రం ఎవరికీ చెప్పం. రెండు వేళ్లు, ఒక వాచీ ఉంటే చాలే!

విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవాళ్ల నాడి నిమిషానికి 60 నుంచి 100 దాకా ఉంటుంది. 60కి తగ్గితే డాక్టర్లు బ్రాడీకార్డియా అంటారు. అలాగని భయపడిపోనక్కర్లేదు. ఏళ్ల తరబడి ఒళ్లు వంచి పని చేసిన వాళ్లకీ, ఆటగాళ్లకీ 50 ఉన్నా ఏ ఇబ్బందీ ఉండదు. నిద్రలో అందరికీ తగ్గుతుంది. సూదిని చూసి కళ్లు తిరిగి పడేవాడికి కూడా కాసేపు తగ్గుతుంది, పడుకోబెడితే తేరుకుంటాడు. నాడి నిదానంగా ఉండి, దానితో పాటు కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, నాలుగు మెట్లకే ఆయాసం, ఛాతీలో నొప్పి, మాట తికమక పడటం ఉంటేనే ప్రమాదం. అలాంటి మనిషిని స్కఫోల్డింగ్ ఎక్కించకూడదు, ఒంటరిగా రూముకు కూడా పంపకూడదు. 999కి ఫోన్ చేయాలి.

ఆస్పత్రిలో ముందు ఈసీజీ తీస్తారు. గుండెకు పైన ఒక చోట కరెంటు పుట్టి కింది గదులకు పోతుంది. పుట్టే చోట లోపమా, మధ్యలో దారి తెగిందా అన్నది అందులో కనబడుతుంది. మన సైటు భాషలో అయితే మెయిన్ బోర్డులో లోపమా, కేబుల్‌లోనా అని. ఒక్కోసారి తీసే వేళకు అంతా మామూలుగానే ఉంటుంది. అప్పుడు హోల్టర్ అనే చిన్న పెట్టె ఒంటికి తగిలించి ఒకరోజంతా రికార్డు చేస్తారు. రక్తంలో థైరాయిడ్, పొటాషియం చూస్తారు. థైరాయిడ్ తగ్గినా, కిడ్నీ దెబ్బతిని పొటాషియం పెరిగినా గుండె నెమ్మదిస్తుంది. గుండెపోటులో కూడా ఇలా జరగవచ్చు.

మావాడి విషయంలో ఇవేవీ కావు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఏం మాత్రలు వాడుతున్నావు" అని. ఊరి నుంచి తెచ్చుకున్న బీపీ మాత్ర, అటెనొలాల్. తల నొప్పిగా ఉందంటే రూమ్మేటు తన బీపీ మాత్ర ఇచ్చాడట, మెటోప్రొలాల్. పేర్లు వేరు, జాతి ఒకటే. రెండూ గుండె వేగాన్ని తగ్గించేవే. పది రోజులుగా రెండూ మింగుతున్నాడు. ఊరి నుంచి ఎవరొచ్చినా పచ్చళ్లతో పాటు మాత్రల పొట్లం రావడం, దాన్ని రూములో పంచుకోవడం మన క్యాంపుల్లో ఎంత మామూలో చదివే మీకు తెలుసు. అయితే ఇది చదివి ఎవరూ బీపీ మాత్ర సొంతంగా ఆపేయకండి. ఆ జాతి మందు ఉన్నట్టుండి మానేస్తే మరో ప్రమాదం. డాక్టరే మార్చాలి.

మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడిగితే, "గుండె జబ్బంటే ఇంటికి పంపుతరు సార్, అప్పు ఇంక తీరలే" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మనం ఫోర్‌మన్లం, సూపర్‌వైజర్లం ఆ భయాన్ని పెంచుతున్నామా, తగ్గిస్తున్నామా? కళ్లు తిరుగుతున్నాయన్న వాడిని "నాటకాలు" అని కసిరితే ఇంకొకడు నోరు విప్పడు. వాడు దాచుకుని పైకెక్కితే పడేది రెండో అంతస్తు నుంచి.

కరెంటు దారే తెగిన వాళ్లకు మాత్రం పేస్‌మేకర్ తప్పదు. అది గుండె కోసే ఆపరేషన్ కాదు. మామూలుగా భుజం ఎముక కింద చోటు మొద్దుబార్చి, చర్మం కింద చిన్న యంత్రం పెట్టి, నరం గుండా తీగ గుండెలోకి పంపుతారు. మొట్టమొదట 1958లో స్టాక్‌హోమ్‌లో ఆర్నే లార్సన్ అనే ఆయనకు పెట్టారు. ఆ యంత్రం కొన్ని గంటలే పని చేసింది. మార్చుకుంటూ, మార్చుకుంటూ ఆయన 2001 దాకా బతికాడు, దాన్ని తయారు చేసిన ఇంజనీరు కన్నా, అమర్చిన సర్జన్ కన్నా ఎక్కువ కాలం! పెట్టించుకున్న వాళ్లు పనిలోకి రావచ్చు గానీ కొన్ని వారాలు ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు. వెల్డింగ్ చేసేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఊరెళ్లి వేయించుకుంటామనే వాళ్లు, డాక్టరు సరేనంటేనే విమానం ఎక్కాలి. ఆరోగ్యశ్రీ కార్డు ఇంకా చెల్లుతుందో లేదో ముందే ఇంట్లో వాళ్ల చేత కనుక్కోండి.

మావాడికి యంత్రం అవసరం పడలేదు. రెండు రోజులు మానిటర్ కింద ఉంచి మందు మార్చారు, నాడి 64కు వచ్చింది. రెండు వారాలు కిందే కడ్డీలు కోసే పని ఇచ్చాను. ఇప్పుడు వాడే మాత్ర పేరు కాగితం మీద రాసి సీపీఆర్ కార్డు వెనక పెట్టుకున్నాడు. వాడి రూములో మిగతా ఏడుగురు కూడా రాయించుకున్నారు, అందులో ముగ్గురు బీపీ మాత్ర వాడుతున్నట్టు నాకు అప్పుడే తెలిసింది.