తండా నుంచి జాగ్రెబ్‌కి

2023 నవంబరు 16న మా ఫర్వానియా దగ్గరి జాబర్ అల్ అహ్మద్ స్టేడియంలో మన జట్టు కువైట్‌ని 1-0తో ఓడించింది. అప్పట్నుంచి మా పాపకి బంతి పిచ్చి. మొన్న అడిగింది: "అమ్మా, మన ఆడపిల్లలెవరూ వేరే దేశంలో ఆడలేదా?"

ఆడింది, సౌమ్య గుగులోత్. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. గోకులం కేరళకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌లో చేరింది. మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్ తోడు. తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్ తరఫున 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది.

మనలో చాలామందిమి భర్త వీసా మీద దేశం దాటాం. సౌమ్య తన కాళ్ళ మీద దాటింది. "ఎండలో నల్లబడతావే" అనబోయి ఆగాను. బూట్ల సైజు అడిగాను.