రెట్రో కన్సోల్ తయారు చేయడం ఈజీనే, బతికించడమే అసలు గేమ్!

ఏదైనా చిన్న కంపెనీ కొత్త రెట్రో కన్సోల్ అనౌన్స్ చేయగానే మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఫోన్‌లో ఎమ్యులేటర్ వేసుకుంటే సరిపోదా?" న్యాయమైన ప్రశ్నే. కానీ ఇలాంటి కన్సోల్‌ని ముంచేది తక్కువ స్పెక్స్ కాదని నా అభిప్రాయం.

ప్లేడేట్‌నే తీసుకోండి. మ్యాక్ యాప్స్ చేసే పానిక్ అనే అమెరికన్ కంపెనీ 2022లో తెచ్చిన బుల్లి పసుపు హ్యాండ్‌హెల్డ్ ఇది. 400x240 బ్లాక్ అండ్ వైట్ స్క్రీన్, బ్యాక్‌లైట్ లేదు, పక్కన తిప్పడానికి ఓ క్రాంక్. అయినా 2021లో ప్రీఆర్డర్లు తెరిస్తే మొదటి 20,000 యూనిట్లు దాదాపు 20 నిమిషాల్లో అయిపోయాయి. డిమాండ్ ఉంది కదా, మరి కష్టమెక్కడ?

మొదటిది, విడిభాగాలు. తయారైన తొలి యూనిట్లలోనే బ్యాటరీ సమస్య బయటపడి లాంచ్ వెనక్కి పోయింది. తర్వాత చిప్ కొరతలో వాడుతున్న ప్రాసెసర్ దొరక్క బోర్డునే మళ్లీ డిజైన్ చేయాల్సి వచ్చింది. వేలల్లో ఆర్డర్ ఇచ్చేవాడికి లక్షల్లో కొనేవాళ్ల ప్రాధాన్యం దక్కదు.

రెండోది, ధర. 179 డాలర్లతో మొదలై 2023లో 199 అయింది. మనం తెప్పించుకోవాలంటే షిప్పింగ్, కస్టమ్స్ అదనం. అంతకన్నా తక్కువకే వందల పాత గేమ్స్ ఆడించే చైనా ఎమ్యులేషన్ హ్యాండ్‌హెల్డ్స్ దొరుకుతున్నాయి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: గేమ్స్. ఔయా గుర్తుందా? 2012లో కిక్‌స్టార్టర్‌లో 85 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసిన 99 డాలర్ల ఆండ్రాయిడ్ కన్సోల్. కానీ అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకని మంచి గేమ్స్ పెద్దగా లేవు. 2015లో రేజర్ చేతికి వెళ్లింది. 2019లో సర్వర్లు ఆగిపోయాయి, వాటిపై ఆధారపడిన గేమ్స్ కొన్నవాళ్ల డబ్బూ పోయింది.

పానిక్ ఇక్కడే తెలివిగా ఆడింది. వారానికి 2 చొప్పున 24 గేమ్స్ కన్సోల్‌తోనే ఫ్రీగా ఇచ్చింది. డెవలపర్లకు ఎస్‌డీకే ఉచితం. కేబుల్‌తో మన గేమ్‌ని మనమే ఎక్కించుకోవచ్చు. రేపు స్టోర్ మూతపడినా డివైస్ ఇటుకరాయి అయిపోదు.

అందుకే కొత్త రెట్రో కన్సోల్‌కి ప్రీఆర్డర్ కొట్టే ముందు ఇవి చూడండి: ఇందులో తప్ప ఇంకెక్కడా లేని గేమ్స్ ఉన్నాయా? బయటి డెవలపర్‌కి దారి ఉందా? సర్వర్ ఆగినా ఇది పనిచేస్తుందా? మూడింటికీ అవునంటే స్పెక్స్ తక్కువైనా కొనండి. కాదంటే ఎంత ముద్దొచ్చినా, నోస్టాల్జియా కోసం అంత డబ్బు పెట్టొద్దు.