చేపకు వంశనిర్ణయము

అమెరికాలోని కొలరాడో కొండవాగులకు గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ ట్రౌటు అను చేప స్వస్థానపు సొత్తు. గనుల మాలిన్యమువలనను, మితిమీరిన వేటవలనను, పరదేశపు చేపలను తెచ్చి విడుచుటవలనను అది క్షీణించి, 1937లో నిర్మూలమైనట్లు ప్రకటింపబడెను. తరువాత ఇరువదియేండ్లకు కొన్ని వాగులలో కానవచ్చెనని సంతసించి, ఆ చేపలనే పెంచి పెక్కు తావుల విడిచిరి. 1994లో దానిని రాష్ట్రమత్స్యముగా గూడ గౌరవించిరి.

కాని 2007లో డి.ఎన్.ఏ. పరీక్షింపగా, అందు పెక్కు గుంపులు కొండలకు పడమటి వాగులకు చెందిన వేఱొక చేపవని తేలెను. ఇన్నియేండ్ల శ్రమయు, ద్రవ్యమును వేఱొకరి బిడ్డకు వెచ్చించినట్లయ్యెను! రంగును, మచ్చలను నమ్మి చేసిన పని యిది. మూలప్రతిని చూడక నకలును నమ్మి డిక్రీ యిచ్చిన న్యాయాధిపతిని ఏమందుము?

ఆ మూలప్రతి ప్రదర్శనశాలల సీసాలలో నుండెను. పందొమ్మిదవ శతాబ్దమున పట్టి దాచిన చేపల కణజాలముతో జీవించియున్న చేపలను పోల్చిచూడగా, అసలు వంశము బేర్ క్రీకు అను నాలుగుమైళ్ళ వాగులో మాత్రమే మిగిలినదని 2012లో వెల్లడియయ్యెను. ఆ వాగును దాని పుట్టినిల్లు గాదు. ఎవరో పూర్వము తెచ్చి విడువగా అచట బ్రదికినది. ఆ కొలది చేపలలో దగ్గఱి రక్తసంబంధము హెచ్చగుటచే, పిల్లలను పెంచుటలో ఏ జంటను కలుపవలయునో నిశ్చయించుటకును జన్యుపరీక్షయే ఆధారము. 2014లో జిమ్మర్మన్ సరస్సున విడిచిరి. హెర్మన్ గల్చి వాగున అవి స్వయముగా సంతానమును పొందుచున్నవని 2022లో ప్రకటించిరి.

ఇది పరదేశపు కథయని మనము ఊరకుండరాదు. కావేరిలోని మూపురపు మహసీరు గాలమువేయువారి నోట నూరేండ్లకు పైబడి పేరొందినను, దాని శాస్త్రీయనామము 2018లో గాని నిర్ధారణ కాలేదు. ఆ యేటనే అది తీవ్రాపాయమున నున్న జీవుల పట్టికలో చేరెను. ఈలోపల లోణావళాలో పెంచిన నీలిరెక్కల మహసీరు పిల్లలు కావేరిలో విడువబడి వ్యాపించినవి. ఆ చేప మన కృష్ణ ఎగువవాగులది. కృష్ణలో దానికి హక్కు గలదు, కావేరిలో లేదు. సదుద్దేశమే యీ చిక్కు తెచ్చినదని మా యభిప్రాయము.

రెక్కకొన చిటికెడు కత్తిరించిన చాలును; చేప చావదు. ఏ నదిలోనైనను పిల్లలను విడుచుటకు ముందు, తల్లిచేపలు ఏ నదివో, ఆ నదిలో ఇప్పుడున్నవి ఏ వంశమువో పరీక్షించి, ఆ ఫలితమును ప్రజలకు ప్రకటింపవలయునని మేము మత్స్యశాఖలను కోరుచున్నాము. విడుదల సభలలో పిల్లల సంఖ్యను చదువునప్పుడు వాని వంశమును గూడ అడుగుడని పాఠకులకు మా విన్నపము.