తుపాకీ మన చేతిలో, సెట్టింగు ఎవరి చేతిలో?



మా పేటలో అంబేద్కర్ భవనం వెనక గదిలో చిన్న గ్రంథాలయం ఉంది. పుస్తకాలు ఆరువందల పైచిలుకు. అందులో సగానికి సగం కరపత్రాలు, పాత పత్రికల కట్టలు, సభల్లో పంచిన చిన్న పుస్తకాలు. ఎవరు ఏం పట్టుకెళ్ళారో ఇన్నాళ్ళూ ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాళ్ళం. ఆ నోటుబుక్కు రెండుసార్లు వానకి తడిసింది, ఒకసారి పూర్తిగా పోయింది. చివరికి మా పేటలో చదువుకుని బయట ఉద్యోగాలు చేస్తున్న కుర్రాళ్ళు చందాలేసుకుని ఒక పాత కంప్యూటరు, ఒక బార్‌కోడ్ స్కానరు పంపారు. చేత్తో పట్టుకుని మీట నొక్కితే ఎర్రలైటు పడే రకం, సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టే దగ్గర చూసే ఉంటారు. మా పిల్లలు దాన్ని తుపాకీ అంటారు. నాకూ అదే అలవాటైపోయింది.

భూమి గురించీ కూలిరేట్ల గురించీ రాయాల్సిన పేజీలో ఈ తుపాకీ గొడవేంటి మాస్టారూ అని కొందరు అడగొచ్చు. జరిగింది చెబుతాను, ఆ తర్వాత మీరే అనండి.

టౌను నుంచి ఒకాయన వచ్చి దాన్ని బిగించాడు. అరగంట పని. డబ్బాలో ఒక మడత కాయితం ఉంటే తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏంటండీ అది అనడిగితే, "అది మీకు అక్కర్లేదులెండి, మీరు మీట నొక్కితే చాలు" అన్నాడు. మంచి మనిషే, టీ తాగి, డబ్బులు తీసుకుని వెళ్ళాడు. మూడో రోజుకి తుపాకీ పిచ్చిగా రాయడం మొదలుపెట్టింది. పుస్తకం మీది చీటీలో "ఏఎల్ 1001" అని ఉంటే కంప్యూటర్లో "ఓథ 1001" అని పడుతోంది. ఫోను చేస్తే ఆయన మొదటి మాట: "మీవాళ్ళు ఏదో కెలికుంటారండీ."

మీవాళ్ళు. ఎన్నిసార్లు విన్నాం ఈ మాట! బడిలో గ్లాసు పగిలితే మీవాళ్ళు. పంపుసెట్టు కాలితే మీవాళ్ళు. ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఇప్పటికీ స్టాఫ్ రూములో ఏదన్నా పోతే ముందు మా పిల్లల వైపే చూస్తారు.

దాన్ని బాగుచేసింది మా పేట అమ్మాయే. రెండేళ్ళు హైదరాబాదులో ఒక దుకాణం బిల్లింగు కౌంటర్లో నిలబడి వచ్చింది. ఆమె చేసిన మొదటి పని నోట్‌ప్యాడ్ తెరిచి తుపాకీతో ఒక చీటీని కొట్టడం. "ఇది ఇంకో కీబోర్డు మాస్టారూ. మనం వేళ్ళతో కొట్టేది ఇది లైటుతో కొడుతుంది, అంతే" అంది. అసలు సంగతి అదే. యూఎస్‌బీ తీగ పెట్టగానే కంప్యూటరు ఈ స్కానర్ని కీబోర్డుగానే అనుకుంటుంది. ఇంగ్లీషు ఏ, ఎల్ మీటలు నొక్కినట్టు ఇది సంకేతం పంపుతుంది. ఆ సమయానికి కంప్యూటరు తెలుగు కీబోర్డులో ఉంటే, ఆ మీటల మీద ఉండే తెలుగు అక్షరాలు పడతాయి. ముందురోజు ఒక కుర్రాడు అంబేద్కర్ జయంతి కరపత్రం తెలుగులో టైపు చేసి అలాగే వదిలేశాడు. ఎవరూ ఏమీ కెలకలేదు. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కి ఇంగ్లీషుకి మార్చింది, తుపాకీ దారికొచ్చింది. టౌను నుంచి ఆయన మళ్ళీ వచ్చి ఇంతపనే చేసుంటే మళ్ళీ డబ్బులిచ్చేవాళ్ళం, ఆ "మీవాళ్ళు" అనే మాట కూడా నిజమైపోయేది.

నాకు కోపం వచ్చింది ఆ కాయితం జేబులో పెట్టుకున్న దగ్గర. మా నాయనకి భూమి కాయితాలు ఇలాగే చూపించేవాళ్ళు కాదు. నువ్వు దున్నితే చాలు, కాయితం నీకెందుకు. వేలిముద్ర వేస్తే చాలు, ఏం రాసుందో నీకెందుకు. ఇప్పుడు మీట నొక్కితే చాలు. పెద్ద గోడౌన్లలో, షాపుల్లో ఈ తుపాకీ పట్టుకుని పగలూ రాత్రీ నిలబడే వాళ్ళలో మన పిల్లలు ఎంతమంది ఉన్నారో మీ పేటలో మీరే లెక్కపెట్టుకోండి. దాన్ని ఎలా మాట్లాడించాలో చెప్పే కాయితం మాత్రం సూపర్‌వైజరు బల్ల సొరుగులో ఉంటుంది.

ఆ కాయితంలో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. అందులో ఉండేవి కూడా గీతలే. తుపాకీకి ఏం చెయ్యాలో చెప్పే గీతలు. ఒక గీతని కొడితే కొత్తగా కొన్నప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుంది. దాన్ని ఫ్యాక్టరీ డిఫాల్ట్ అంటారు. ఏదన్నా చెడిపోయిందనుకుంటే ముందు అది కొట్టి మొదటినుంచీ రావాలి. ఇంకో గీతని కొడితే ప్రతి నంబరు చివరా తనే ఎంటర్ నొక్కుతుంది. మరొకటి కొడితే ఎంటరుకి బదులు ట్యాబ్ నొక్కుతుంది. ఈ తేడా పట్టించుకోండి. ఎక్సెల్ పట్టీలో రాసుకునేవాళ్ళకి ఎంటర్ అయితే కింద గడిలోకి పోతుంది, ట్యాబ్ అయితే పక్క గడిలోకి పోతుంది. చదివేవాళ్ళ నంబరు, పక్కన పుస్తకం నంబరు రావాలంటే ట్యాబ్ కావాలి. మాకు ఆయన రెండూ పెట్టలేదు. ప్రతిసారీ చేత్తో ఎంటర్ కొట్టుకుంటూ కూర్చున్నాం, యంత్రం అంటే ఇంతేనేమో అనుకుని.

కాయితం పోయినా భయం లేదు. తుపాకీ అడుగున మోడల్ నంబరు ఉంటుంది. దాన్నిబట్టి ఆ కంపెనీ పెట్టిన పుస్తకం ఫోనులోనే దొరికింది మాకు. ఒక కంపెనీ గీతలు ఇంకో కంపెనీ తుపాకీకి పనికిరావు. కొన్ని రకాలకి ముందు "సెటప్ మొదలు" గీత కొట్టాలి, కావాల్సింది కొట్టాలి, చివర "సెటప్ ముగింపు" కొట్టాలి. కొన్నిటికి ఒక్క గీత చాలు. కొట్టేటప్పుడు పక్కనున్న గీతల్ని అట్టముక్కతో మూసిపెట్టండి, లేకపోతే ఒకటి కొట్టబోయి ఇంకోటి కొడతారు. మేం అలాగే ఒకసారి కూత రాకుండా చేసుకుని, చచ్చిపోయిందనుకుని గంటసేపు బెంగపడ్డాం. పక్కనే కూత తగ్గించే గీత ఉంది మరి.

ఇంకో తమాషా. మా కుర్రాళ్ళకి ఉత్సాహం ఎక్కువ. చీటీలన్నీ ముదురు నీలం కాయితం మీద నల్లగా వేయించుకొచ్చారు, జై భీమ్ రంగు కదా అని. తుపాకీ ఒక్కదాన్నీ చదవలేదు. ఎర్రలైటుకి నీలం నల్లగానే కనిపిస్తుంది, నలుపు మీద నలుపు ఎలా చదువుతుంది? అదే తెల్ల కాయితం మీద నీలం గీతలు వేసిచ్చాం, గడగడా చదివేసింది. ఎర్రగీతలు వేస్తే మాత్రం తెలుపులో కలిసిపోతాయి. కమ్యూనిస్టు మిత్రులు మన్నించాలి, ఇది లైటు గుణం. గీతలకి రెండు పక్కలా కాస్త ఖాళీ తెలుపు వదలాలి. పైన మెరిసే టేపు అంటిస్తే తుపాకీని కొంచెం వాలుగా పట్టుకోవాలి.

ఇక అసలైన విషయం రెండు.

ఒకటి, మన పుస్తకాల సంగతి. కొత్త పుస్తకాల వెనక అట్ట మీద 978తో మొదలయ్యే పదమూడు అంకెలుంటాయి, ఐఎస్‌బీఎన్. ఆ తర్వాత 81 గానీ 93 గానీ ఉంటే భారతదేశపు ప్రచురణ. తుపాకీ దాన్ని చూడగానే చదివేస్తుంది. మా గదిలో నవలలు, పోటీపరీక్షల గైడ్లు అన్నీ కుయ్‌మన్నాయి. కారంచేడు (1985) తర్వాత, చుండూరు (1991) తర్వాత మనవాళ్ళు రాత్రుళ్ళు మేలుకుని రాసి, చందాలతో అచ్చేసి, సైకిళ్ళ మీద పంచిన కరపత్రాల దగ్గరికొచ్చేసరికి తుపాకీ మూగపోయింది. వాటికి నంబరు లేదు. కొన్నిటికి ధర కూడా లేదు. ఆ బిగించినాయన "ఇవి సిస్టంలో ఎక్కవండీ, పక్కన పెట్టెయ్యండి" అన్నాడు. ఆ పక్కన పెట్టమన్నవే మా గ్రంథాలయం. మిగతావి ఎక్కడైనా దొరుకుతాయి.

ఎక్కకపోవడమేంటి? 978 నంబరు పైవాళ్ళిచ్చింది, మనిచ్చుకున్న నంబరు ఎందుకు నంబరు కాదు? కోడ్ 128 అనే పద్ధతిలో ఏ అంకెలకైనా గీతలు వేసుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రుసుమూ లేదు. మేం ప్రతి కరపత్రానికీ సొంత నంబరిచ్చాం, 100001 నుంచి. ముందు సున్నాలతో మొదలుపెడితే ఎక్సెల్ వాటిని మింగేస్తుంది, అందుకని ఒకటితో మొదలు. ఇక మీదట మన సంఘాలు అచ్చేసే పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ కూడా తీసుకోవాలి. మన దేశంలో అది ఉచితంగానే ఇస్తారు. బద్ధకించి వదిలేస్తున్నాం, ఆ తప్పు మనదే.

రెండోది, సభ్యుల కార్డులు. దీని మీద మా గదిలో పెద్ద రగడే జరిగింది. ఆయన తెచ్చిన నమూనాలో సభ్యుడి నంబరు ముందు ఎస్సీ-ఎం, ఎస్సీ-ఎండీ, బీసీ అని అక్షరాలున్నాయి. మాల, మాదిగ విడివిడిగా! "లెక్కలకి వీలుగా ఉంటుందండీ, ఏ ఆఫీసులో అయినా ఇంతే" అని సమర్థించుకున్నాడు. మాలోనూ ఇద్దరు ముగ్గురు సరే అన్నారు. కులం లెక్కలు కావాలని మనమే కదా అడుగుతున్నాం, జనగణనలో రాయమంటున్నాం, రిజర్వేషన్ వాటాలు తేల్చమంటున్నాం, మరి ఇక్కడెందుకు వద్దంటావ్ అని నన్నే నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే, కొట్టిపారెయ్యలేదు.

నేను చెప్పింది ఇది. హక్కు కోసం నా కులం నేను చెప్పుకుంటాను, స్కాలర్‌షిప్పు ఫారం మీద రాస్తాను, సభలో మైకు పట్టుకుని చెబుతాను. పదేళ్ళ పిల్ల బొమ్మల పుస్తకం తీసుకోవడానికి మెళ్ళో కార్డేసుకుని వచ్చినప్పుడు ఆ కార్డు చెప్పకూడదు. బార్‌కోడు తాళం కాదు. ఎవరి చేతిలో ఫోనున్నా దాన్ని చదివేస్తారు. గీతల్లో దాచాం కదా ఎవరికీ కనపడదు అనుకోవడం అమాయకత్వం. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళారనే పట్టీ కూడా అంతే. పుస్తకం తిరిగొచ్చాక ఆ వరస కొట్టేస్తున్నాం. ఫలానా కుర్రాడు ఫలానా ఉద్యమ పుస్తకం చదివాడని రేపు ఎవరో వచ్చి అడిగితే ఇవ్వడానికి మా దగ్గర ఏమీ ఉండకూడదు.

చివరికి ఓటు పెట్టాం, అక్షరాలు పోయాయి. సభ్యులకి 5తో మొదలయ్యే అంకెలు, పుస్తకాలకి 1తో మొదలయ్యేవి. పుస్తకాల చీటీల మీద ఏఎల్ కూడా తీసేశాం. దీంతో తెలుగు కీబోర్డులో ఉన్నా అంకెలు అంకెలుగానే పడుతున్నాయి, ఓథ బాధ తప్పింది. అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. యంత్రానికి కుదరదని కులం అక్షరాలు తియ్యలేదు. కుదిరినా తీసేవాళ్ళం.

ఈ గీతల పుట్టుక గురించి చదువుతుంటే ఒకటి తెలిసింది. అమెరికాలో జోసెఫ్ వుడ్‌ల్యాండ్ అనే ఆయన సముద్రం ఒడ్డున కూర్చుని ఇసుకలో వేళ్ళతో గీతలు లాగుతూ ఈ ఆలోచన పట్టాడట. ఆయనకీ ఆయన స్నేహితుడు బెర్నార్డ్ సిల్వర్‌కీ 1952లో పేటెంటు వచ్చింది. దుకాణంలో మొదటిసారి వాడింది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్ళో, ఒక చూయింగ్ గమ్ పొట్లం మీద. ఇసుకలో వేళ్ళతో రాయడం మనకి కొత్తేం కాదు. వీధిబడుల్లో ఇసుకలోనే అక్షరాలు దిద్దించేవాళ్ళు. మా తాత ఆ బడి అరుగు కిందకి కూడా రానీకుండా పెరిగాడు. ఆ అమ్మాయి నోట్‌ప్యాడ్‌లో తుపాకీ కొడుతుంటే ఆయన గుర్తొచ్చాడు, ఎందుకో.

ఇంకో రెండువందల కరపత్రాలు చీటీలు లేకుండా ఉన్నాయి. సెట్టింగుల కాయితం పెద్దదిగా ప్రింటు తీసి బీరువా తలుపు లోపలి వైపు అంటించాం, ఎవరైనా చూడొచ్చు. జిరాక్సుకి జిరాక్సు తియ్యొద్దు, గీతలు చెదిరి తుపాకీ చదవదు. ఫోనులో ఉన్న అసలు నుంచే తియ్యండి. ప్రతి ఆదివారం పొద్దున ఆ అమ్మాయి నేర్పుతోంది, ఇప్పటికి పక్క పేటల నుంచి ఏడుగురు వచ్చారు, అందులో నలుగురు ఆడపిల్లలు. కంప్యూటరు లేకపోయినా ఫర్వాలేదు, ఫోనుకి ఓటీజీ తీగ పెట్టి కూడా చేస్తున్నాం. మీ పేటలో పాత కరపత్రాల కట్టలుంటే పట్టుకురండి. తెల్ల కాయితాలు కూడా, మా దగ్గర నీలం కాయితాలే మిగిలాయి.