సేంద్రియామ్లమా, కర్బన ఆమ్లమా?

తెలుగు పండితులకు రసాయన శాస్త్రముతో నేమి పనియని తలిదండ్రులు కొందఱు మమ్ముల నడుగవచ్చును. శాస్త్రము వేఱైనను దానిని మోయునది మాటయే గదా! తప్పుటర్థముతో ఒక మాట విద్యార్థి మనస్సున నాటుకొన్నచో, దానిని పెకలించుట శాస్త్రోపాధ్యాయులకును కష్టమగును. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ఇటీవల పదవ తరగతిలో ‘సేంద్రియామ్లము’ అనగా నేమని యడిగితిమి. ఒక బాలుడు లేచి, “రసాయనపు టెరువులు వేయకుండ పండించిన పంటనుండి తీసిన ఆమ్లమండీ” అని బదులు చెప్పెను. తరగతి యంతయు నవ్వెను. మాకు మాత్రము నవ్వు రాలేదు. సేంద్రియ వ్యవసాయము, సేంద్రియ బియ్యము, సేంద్రియ బెల్లము అని అంగళ్ల పలకలపై నిత్యము చదువుచున్న పిల్లవానికి ఆ మాట మఱియొక రీతిగా నెట్లు స్ఫురించును? “సేంద్రియామ్లములు శరీరమునకు హాని చేయవు” అని జవాబు పత్రములో వ్రాసినవారిని గూడ మేమెఱుగుదుము.

మాట నిర్మాణము సులభమే. స, ఇంద్రియ అను రెండును గుణసంధి చేత ‘సేంద్రియ’ యైనవి. ఇంద్రియములు గలది, అనగా ప్రాణముగల శరీరమునకు సంబంధించినది అని భావము. ఆంగ్లములోని ‘ఆర్గానిక్’ అను మాటకిది తర్జుమా. మరాఠీవారికిని ఇదే మాట కలదు. కన్నడిగులు ‘సావయవ’ మనిరి. ఒడియావారు ‘జైవ’ మనిరి. మన చుట్టునున్న తమిళులు మాత్రము ‘కరిమ అమిలం’ అనుచున్నారు. కరి యనగా బొగ్గు. ఈ యొక్క విషయమున పొరుగువారు మూలమును చక్కగా పట్టుకొనిరని యొప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. తెలుగునను ‘కర్బన’ అను మాట కలదు; అయినను పాతది పోలేదు.

ఆ పాతమాట వెనుక నొక పాత నమ్మకమున్నది. ప్రాణుల దేహములలోను, చెట్లలోను పుట్టు పదార్థములను మనుష్యుడు గాజుకుప్పెలో చేయజాలడనియు, వానికి జీవశక్తి యేదో కావలయుననియు పూర్వము రసాయన శాస్త్రజ్ఞులు తలంచిరి. షీలే అను పండితుడు 1780లో పులిసిన పాలనుండి లాక్టికామ్లమును, 1784లో నిమ్మరసమునుండి సిట్రికామ్లమును వేఱుచేసెను. అవన్నియు ప్రాణిలోకమునుండి వచ్చినవే కనుక నమ్మకము బలపడెను. కాని 1828లో వోలర్ అమ్మోనియం సయనేటునుండి యూరియాను చేసెను. 1845లో కోల్బె నిరింద్రియ పదార్థములతో ప్రారంభించి, వెనిగరులోనుండు ఎసిటికామ్లమునే తయారుచేసెను. ద్రాక్ష లేదు, కల్లు లేదు, ఏ ప్రాణియు లేదు. ఆమ్లము మాత్రము సిద్ధమయ్యెను! నమ్మకము కూలినది, పేరు మిగిలినది.

దీనికి ప్రతిగా మఱియొకటి చూడుడు. మన కడుపులో అన్నము జీర్ణమగుటకు హైడ్రోక్లోరికామ్లము ఊరుచున్నది. అంతకంటె ‘సేంద్రియ’మైన తావు వేఱే కలదా? అయినను అది సేంద్రియామ్లము కాదు. అందు కర్బనమే లేదు. మూలమునుబట్టి చూచిన పేరు రెండు వైపులను పొరబడుచున్నది. పేర్లకిది క్రొత్త కాదు. ఆక్సిజనుకు మన పెద్దలు ‘ఆమ్లజని’ అని పేరిడిరి. ఆమ్లముల కన్నిటికి అదియే మూలమని లెవోషియే తలంచుటచే వచ్చిన పేరది. హైడ్రోక్లోరికామ్లములో ఆక్సిజను లేదని తేలినను పేరు నిలిచియే యున్నది.

కావున ఈ ఆమ్లములను గుర్తింపవలసినది పుట్టిన చోటునుబట్టి కాదు, కట్టడమునుబట్టి. వీనిలో పెక్కింటియందు ఒక కర్బన పరమాణువు, రెండు ఆక్సిజనులు, ఒక హైడ్రోజను చేరిన జట్టు కనబడును. దానికి కార్బాక్సిల్ సమూహమని పేరు. అది గలవి కార్బాక్సిలికామ్లములు. చింతపండులోని టార్టారికామ్లము, పెరుగులోని లాక్టికామ్లము, చుక్కకూరలోని ఆక్సాలికామ్లము, కొన్ని జాతుల చీమలు చిమ్మునట్టి ఫార్మికామ్లము, ముక్కిన వెన్నలోని బ్యూటిరికామ్లము ఈ కుటుంబములోనివే. శనగచేనుపై రాత్రివేళ పలుచని బట్ట పఱచి, తెల్లవాఱి పిండి పులుసు తీయుట దక్కను రైతు లెఱిగిన పని. ఆ పులుసులో మాలికామ్లము, ఆక్సాలికామ్లము కలవు. అయితే కర్బన ఆమ్లములన్నియు కార్బాక్సిలికామ్లములు కావు. సి విటమినుగా పేరొందిన ఆస్కార్బికామ్లములో ఆ సమూహము లేదు.

‘కర్బన ఆమ్లము’ అను మాటకును ఒక చిక్కు లేకపోలేదు. సోడానీటిలోని కార్బోనికామ్లము నిరింద్రియముల కోవకు చెందినది. రెండు పేర్లును చెవికి ఒకటే యనిపించును. మన తాతలు కార్బన్ డయాక్సైడును బొగ్గుపులుసు గాలి యనిరి, తమిళులు కరియమిల వాయువనిరి. ఆమ్లమును ‘పులుసు’ అనుట యెంత సొంపుగా నున్నది! ఈ చిక్కు తెలిసియే మేము ‘కర్బన ఆమ్లము’ పక్షమున నున్నాము. సోడా సంగతి ఒక్కసారి చెప్పిన పిల్లలకు తెలియును. ‘హానిచేయనిది’ అను భ్రాంతి యట్లు తొలగునది కాదు.

ఆ భ్రాంతి చేటు తెచ్చును. కన్యాకుమారి జిల్లాలో రబ్బరుపాలను గడ్డకట్టించు ఫార్మికామ్లము చర్మమును కాల్చును. ఆక్సాలికామ్లము ఎక్కువైన విషము. వెనిగరులో నూటికి నాలుగైదు పాళ్లున్న ఎసిటికామ్లము కూరకు రుచి. నీరు లేని యదే ఆమ్లము కంటికి ప్రమాదము. పుస్తకములో ‘బలహీన ఆమ్లము’ అని యుండుట చూచి ధైర్యపడరాదు. నీటిలో కొంతభాగమే అయానులుగా విడిపోవునని దాని యర్థము, మెత్తనిదని కాదు.

మా మనవి స్వల్పము. విద్యార్థులు తమ పుస్తకములో ఒక పుట మడిచి కర్బన ఆమ్లము, కరిమ అమిలం, ఆర్గానిక్ ఆసిడ్ అని మూడు మాటలను ప్రక్కప్రక్కన వ్రాసికొందురు గాక. కళాశాలలో చేరిననాడు ఆ పుట యక్కరకు వచ్చును. పరీక్షలో ‘సేంద్రియామ్లము’ అని వ్రాసిన పిల్లవానికి మేము మార్కు తగ్గింపము. అర్థము మాత్రము తప్పక అడిగెదము. తలిదండ్రులు ఇంటిలో మజ్జిగ పులిసిన దినమున, ఈ పులుపు ఏ ఆమ్లమురా యని పిల్లవాని నొకమాట అడిగి చూడుడు.